పాత్రకు అప్పగించిన భయం

"మీ పాత్రకు పేరు పెట్టారు. వయసు చెప్పారు. కోటకు కాపలాదారు అన్నారు. ఇక చివరి ప్రశ్న," అంది యంత్రం, పక్కింటి పిన్నమ్మ పలకరించినంత నెమ్మదిగా. "అతనికి దేనంటే భయం?"

కుర్చీలో కూర్చున్న ఎర్రిస్వామి రెండు చేతులతో కుర్చీ పిడులు పట్టుకున్నాడు. తలకు చుట్టిన పట్టీ కింద నుంచి చెమట కారి చెంపల మీదికి దిగింది. అద్దానికి ఇవతల అతని భార్య వన్నూరమ్మ, నాలుగేళ్ల కూతురు తన్విని ఎత్తుకుని చూస్తోంది.

అనంతపురం కొండల నిండా గాలిమరలు మొలిచిన కాలమది. వాటి మీదికెక్కి రిపేర్లు చేయడం ఎర్రిస్వామి పని. తనతో పాటు ఎక్కిన లింగరాజు ఒకరోజు కళ్లెదుటే జారి కింద పడి చనిపోయాడు. ఆ తర్వాత ఎర్రిస్వామికి నిచ్చెన మీద కాలు పెడితే చాలు, ఒళ్లంతా వణుకు. మందులు పని చేయలేదు. చివరికి కంపెనీవాళ్లు అతన్ని ఈ ల్యాబ్‌కి పంపారు.

"చూడ్డానికి ఇది మామూలు ఆటే," అంది డాక్టర్ ప్రణవి, వన్నూరమ్మ పక్కన నిలబడి. ఆ యంత్రం ఆమె తయారుచేసిందే. "ఆడేవాళ్లు ఒక పాత్రను తయారు చేసుకుంటారు. ఆ పాత్రతో ఏఐ కథ నడుపుతుంది. అసలు సంగతి చివరి ప్రశ్నలో ఉంది. మనం ఒక జ్ఞాపకాన్ని బయటికి తీసినప్పుడు అది కాసేపు పచ్చి సిమెంటులా మెత్తగా ఉంటుంది. మళ్లీ గట్టిపడేలోపు, ఆ పట్టీ ద్వారా ఏఐ దాన్ని దిద్దుతుంది. జ్ఞాపకం మీవారి దగ్గరే ఉంటుంది. భయం మాత్రం పాత్రకు వెళ్లిపోతుంది."

"మళ్లీ తిరిగి రాదా మేడమ్?"

"రానే రాదు," అంది డాక్టర్ ధీమాగా.

లోపల ఎర్రిస్వామి కళ్లు మూసుకున్నాడు. లింగరాజు చెయ్యి జారడం, కింద వినబడిన చప్పుడు, అన్నీ చెప్పాడు. తెర మీద కోట బురుజు లేచింది. దాని అంచున కాపలాదారు నిలబడి గజగజా వణికాడు. అతను వణికేకొద్దీ కుర్చీలోని మనిషి భుజాలు తేలికపడ్డాయి.

బయటికొచ్చి ఎర్రిస్వామి నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్ని నెలలైందో! వన్నూరమ్మకు కళ్లు చెమర్చాయి.

"ఏంది మే, ఏడుస్తావు? నాకేమైంది, బాగుండా కదా!"

బాగానే ఉన్నాడు. మరుసటి వారమే మర ఎక్కాడు. అందరికంటే ముందు ఎక్కి అందరికంటే చివర దిగుతున్నాడని మెచ్చుకున్నారు. ఒకనాడు అతనితో పనిచేసే మాబువలి ఇంటికొచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"అక్కా, అన్నను నువ్వే ఒకసారి చూడాల. నేను చెప్తే ఇనడంల్యా."

వన్నూరమ్మ అతని బండెక్కి కొండకు పోయింది. తలెత్తి చూసింది. ఆకాశంలో, మర నెత్తిన, పడకుండా కట్టుకునే బెల్టు లేకుండా మొగుడు అటూ ఇటూ తిరుగుతున్నాడు. హోరుమని గాలి. చొక్కా గాలికి బుసబుసా ఉబ్బుతోంది. ఆమెను చూసి రెండు చేతులూ ఎత్తి ఊపాడు. ఒంటికాలి మీద నిలబడి మరీ ఊపాడు.

కేక పెడితే ఉలిక్కిపడి పడిపోతాడేమోనని ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. కంకర మీద కూలబడింది.

దిగొచ్చాక చెంప పగిలేలా కొట్టింది. అతను కోపగించుకోలేదు. "బెల్టు ఉంటే పని సాగదు వన్నూరా. పడేవాడు పడతాడు, అంతే," అన్నాడు, ఎవరి గురించో చెప్తున్నట్టు.

అప్పట్నుంచీ ఆమెకు అన్నం సహించలేదు. ఫోన్ మోగితే చేతిలో పని వదిలేసి పరుగెత్తేది. అతను పనికి పోయినంతసేపూ తన్విని ఒళ్లో పెట్టుకుని కొండవైపు చూస్తూ కూర్చునేది. చివరికి తట్టుకోలేక ల్యాబ్‌కి పోయింది.

"ఆయన భయం ఆయనకిచ్చేయండి మేడమ్. మీకు దండం పెడతా."

డాక్టర్ తెరవైపు చూసింది. "ఆ భయం ఇప్పుడు లేదమ్మా. కథలో కలిసిపోయింది. పాలలో కలిసిన నీళ్లను వేరు చేయలేం కదా." తెర మీద కొత్త పేజీ తెరిచి అంది: "ఒక దారుంది. ఇద్దరాడే ఆట. మీరొక పాత్రను తయారు చేయండి. మీ భయాన్ని ఆ పాత్రకివ్వండి. కథలో మీ పాత్ర దగ్గర్నుంచి ఆయన పాత్ర దాన్ని తీసుకుంటుంది. ఆ పాత్ర నుంచి పట్టీ దాన్ని ఆయనకు చేరుస్తుంది."

"మరి నాకు?"

"మీకు నెమ్మది. తిండి, నిద్ర అన్నీ కుదురుతాయి. ఇంతకంటే ఏం కావాలి?"

వన్నూరమ్మ సరేనంది. సరేననక ఏం చేస్తుంది? ఎర్రిస్వామిని బతిమాలి పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. ఇద్దరి తలలకూ పట్టీలు చుట్టారు, ఆమెకు చల్లగా తగిలింది. తన పాత్రకు చిన్నప్పుడు చనిపోయిన అక్క పేరు పెట్టింది. కోట కింద గొర్రెలు కాసుకునే మనిషిని చేసింది.

"ఈమెకు దేనంటే భయం?" అడిగింది యంత్రం.

"నా వాళ్లకు ఏమైనా అవుతుందేమోనని," అంది వన్నూరమ్మ. ఇంకా చెప్పాలని నోరు తెరిచింది. చెప్పడానికి ఏమీ మిగల్లేదు. పక్కన ఎర్రిస్వామి ఒక్కసారిగా ఒళ్లు జలదరించి, ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"వన్నూరా, పాప యాడుంది? పాపను ఎవరి దగ్గర ఇడిచొచ్చినావు?"

డాక్టర్ సంతోషంగా చప్పట్లు కొట్టింది.

అతను మారిపోయాడు. బెల్టు ఒకటికి రెండుసార్లు లాగి చూసుకునేవాడు. పైనుంచి ఇంటికి పదేపదే ఫోన్ చేసేవాడు. ఇంకొన్నాళ్లకు మర ఎక్కడమే మానేసి, కిందే కంట్రోల్ రూమ్‌లో పని అడిగి చేరాడు. వన్నూరమ్మ కడుపునిండా తింది, కంటినిండా నిద్రపోయింది. ఒంటికి నిగారింపు వచ్చిందని ఇరుగుపొరుగు అన్నారు.

ఒక ఆదివారం పొద్దున ఆమె మిద్దె మీద బట్టలు ఆరేస్తోంది. తన్వి స్టూలు లాక్కొచ్చి పిట్టగోడ ఎక్కింది. చేతులు రెండూ చాచి, అడుగులో అడుగేసుకుంటూ అంచు మీద నడుస్తోంది. వన్నూరమ్మ చూసింది. ఎంత ముద్దుగా నడుస్తోందో అనుకుంది. ఇంకో చీర దులిపి తీగ మీద వేసింది.

వీధిలోంచి వినబడిన అరుపు మనిషి అరుపులా లేదు. ఎర్రిస్వామి మెట్లన్నీ దూకి పైకొచ్చి, మాట్లాడకుండా వెనకనుంచి పోయి పిల్లను లాక్కున్నాడు. లాక్కుని అక్కడే చతికిలబడ్డాడు. పిల్ల కాళ్లూ చేతులూ తడిమి చూశాడు.

"నీకు కనపడలేదా?"

"కనపడింది," అంది వన్నూరమ్మ.

"మరి?"

ఆమె ఆలోచించింది. జవాబు కోసం లోపలంతా వెతికింది. పిల్ల మీద ప్రేమ అక్కడే ఉంది, చెక్కు చెదరలేదు. కానీ ఆ ప్రేమకు కాళ్లు లేవు. పరుగెత్తమని చెప్పేది ఏదో లేదు.

"పడలేదు కదయ్యా," అంది చివరికి.

అతను ఆమె ముఖంలోకి చూశాడు. చూస్తూ చూస్తూ, పిల్లను ఇంకా గట్టిగా పొదువుకుని, కూర్చున్నచోటే వెనక్కి జరిగాడు.

మధ్యాహ్నం డాక్టర్ ప్రణవి ఫోన్ చేసింది. రెండు కేసులూ విజయవంతమని రిపోర్టు పంపుతోందట. "మీకెలా ఉందమ్మా ఇప్పుడు?"

"బాగుండాను మేడమ్. ఏ దిగులూ లేదు," అంది వన్నూరమ్మ. అది నిజమే.

గదిలో అవతలిమూల ఎర్రిస్వామి గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. తన్వి అతని ఒళ్లో నిద్రపోతోంది. అతను మాత్రం రెప్ప వేయకుండా, పొద్దున పిల్ల కోసం చాచని భార్య చేతుల వైపే చూస్తున్నాడు.