కందిగింజంత పేస్టు

రెయిన్‌కోటు ఉన్నవాడెవడైనా దాన్ని తను తొడుక్కుంటాడు. ఫ్రెడ్డీ మాత్రం దాన్ని కంప్యూటర్‌కి తొడిగి, తను నిలువునా తడిసి, ఇందుకూరుపేట బస్టాండు పక్కనున్న రిపేరు షాపులోకి వచ్చి పడ్డాడు.

కౌంటర్ వెనక కూర్చున్న రెజీనా తలెత్తి చూసింది.

"జలుబు చేస్తే దానికి చేస్తాదా, మీకు చేస్తాదా?"

"నాకు చేస్తే రెండు రోజుల్లో తగ్గిపోతుందండీ. దీనికేమన్నా అయితే నేనే ఊరొదిలి పోవాల. ఆదివారానికి ఇవ్వాల్సిన పెళ్లి వీడియో ఇందులోనే ఉంది. ఎడిటింగ్ మొదలుపెట్టినానో లేదో, కాలిపోతా టప్పున ఆగిపోతా ఉంది."

"ముసురు పట్టి ఊరంతా దుప్పట్లు కప్పుకోని కూర్చుంటే మీ కంప్యూటర్ ఒక్కటే కుతకుత ఉడకతా ఉందా? భలే!"

లోపల కుర్చీలో పేపరు చదువుకుంటున్న జ్ఞానప్రకాశం దగ్గాడు. ఆ షాపు పెట్టింది ఆయనే. కళ్లు మసకేశాక స్క్రూడ్రైవర్ కూతురి చేతికిచ్చాడు గానీ, ఊరికే ఇవ్వలేదు.

"జాగ్రత్తమ్మా," అన్నాడు పేపరు దించకుండానే. "క్రిస్మస్ దాకా కంప్లయింటు లేకుండా నడిపితే షాపు నీది. ఒక్కటి వచ్చినా షాపు అద్దెకిచ్చేసి నిన్ను బ్యాంకు కోచింగ్‌కి పంపిస్తా. ఇంక మాట మార్చేది లేదు."

"తెలుసు నాయనా. వచ్చినోళ్లందరి ముందరా చెప్పాల్నా?"

పాపం, రెజీనాకి బ్యాంకు అంటే నిద్రొస్తుంది, స్క్రూడ్రైవర్ పట్టుకుంటే ఆకలి కూడా తెలియదు. షాపు పోతే ఎలాగా అన్న దిగులు ఆ పిల్లకి రోజూ ఉన్నదే. ఫ్రెడ్డీ తండ్రీకూతుళ్లను మార్చి మార్చి చూశాడు.

ఆమె కంప్యూటర్ మూత విప్పి, లోపలున్న పాత కూలర్ ఫ్యాన్ని ఊడదీసి, దాని కిందున్న ప్రాసెసర్ చిప్పు వంక చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఈ పేస్టు ఎవరు పూసినారు?"

"నేనే. వీడియో చూసి పూసినా."

"కారందోసె మీద కూడా ఇంత కారం పూయరండీ! పక్కలకంతా కారిపోయింది. కూలర్ కొక్కెం కూడా విరిచినారు కదా."

"అందుకే కొత్త కూలర్ కొనుక్కొచ్చినా," అని తడిసిన సంచిలోంచి డబ్బా తీశాడు. "పేస్టు మాత్రం మీ దగ్గరుండే వాటిల్లో గొప్పది వేయండి. లిక్విడ్ మెటల్ అంట, రాకెట్లకి వాడతారేమో..."

"శ్రీహరికోట అటుపక్క. ఇది ఇందుకూరుపేట." రెజీనా అరలోంచి రెండు సిరంజీలు తీసి బల్ల మీద పెట్టింది. "ఆ లిక్విడ్ మెటల్‌లో కరెంటు పారతాది. బొట్టు పక్కన పడిందంటే బోర్డు కాలిపోతాది. అల్యూమినియం కూలరయితే దాన్నే తినేస్తాది. ఈ తెల్లది చవక, తొందరగా ఎండిపోయి సున్నం మాదిరి రాలతాది. ఈ బూడిదరంగుది చాలు మీకు."

స్పిరిట్‌తో పాత పేస్టంతా తుడిచి, ప్రాసెసర్ నడిమధ్య కందిగింజంత బొట్టు పెట్టింది.

"అంతేనా!" ఫ్రెడ్డీ మొహం వాడిపోయింది. "ఇంకొంచెం పెట్టండి, నేనేమీ అనుకోను."

"పేస్టు చల్లబరచదండీ. చల్లబరిచేది కూలరు. ప్రాసెసరూ కూలరూ, ఈ రెండిటి మధ్యా కంటికి కనపడని సందులుంటాయి. వాటిల్లో గాలి చేరితే వేడి బయటికి పోదు. ఆ సందులు పూడిస్తే చాలు. కూలర్ బిగిస్తే ఇదే పరుచుకుంటాది."

"అంటే ఇద్దరి మధ్యలో గాలి కూడా దూరకూడదన్నమాట."

"రెండిటి మధ్యలో అన్నాను నేను."

"నేనూ వాటి గురించే అన్నానండీ!"

ఎంత అమాయకంగా మొహం పెట్టాడనుకున్నారు! జుట్టులోంచి నీళ్లు బొట్టుబొట్టుగా ముక్కు మీదికి జారుతున్నాయి, వాటిని తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు. రెజీనాకి నవ్వు ఆగలేదు. నవ్వుతూనే కొత్త కూలర్ని డబ్బాలోంచి తీసింది, నవ్వుతూనే పెట్టింది, ఒక మూల, దానికి ఎదురు మూల చొప్పున స్క్రూలు బిగించింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. కళ్లు మాత్రం ముక్కు మీది బొట్టు దగ్గరే ఉండిపోయాయి.

ఆన్ చేసి చూద్దామనుకునేసరికి కరెంటు పోయింది. మైపాడు వైపు నుంచి ఉరుములు మొదలయ్యాయి. ఫ్రెడ్డీకి తొందర.

"నా చెయ్యి పడిందంటే తిరుగుండదు. తీసుకుపొండి," అంది రెజీనా ధీమాగా.

మర్నాడు మధ్యాహ్నానికల్లా ఫ్రెడ్డీ అదే రెయిన్‌కోటులో అదే కంప్యూటర్‌తో గుమ్మంలో నిలబడ్డాడు. ఈసారి కౌంటర్ దగ్గర జ్ఞానప్రకాశం ఉన్నాడు.

"వందనాలు అంకుల్."

"వందనాలబ్బా. ఏంది, మళ్లీ వేడెక్కిందా?"

వెనక బల్ల దగ్గరున్న రెజీనా చేతిలోని స్క్రూడ్రైవర్ పక్కన పడేసి లేచింది.

ఫ్రెడ్డీ ఆమె వంక ఒక్కసారి చూశాడు. "ఆమె బాగానే చేసింది అంకుల్. నేనే ఇంటికి పోయి మళ్లీ ఊడదీసి ఇంకొంచెం పేస్టు పూసినా. చెయ్యి ఊరుకోక."

రెజీనాకి అరికాలి మంట నెత్తికెక్కింది. కంప్యూటర్ లాక్కుని బల్ల మీద పెట్టింది.

"నేను చేసిన దాని మీద నువ్వెందుకు చెయ్యి పెట్టినావు? అంత చెప్పినా కదా! చెవుల్లో కూడా పేస్టే పూసుకున్నావా?"

కోపంలో 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది. ఆ సంగతి ఆమె గమనించలేదు గానీ, తిట్లు తింటున్నవాడు మాత్రం గమనించి లోలోపల మురిసిపోయాడు.

స్క్రూలు విప్పి కూలర్ పైకి లేపిన రెజీనా కొయ్యబారిపోయింది.

కూలర్ అడుగున, కంపెనీవాళ్లు అతికించి పంపే పల్చటి ప్లాస్టిక్ కాగితం అలాగే ఉంది. బిగించే ముందు ఒలిచి పారేయాల్సిన కాగితం! దాని కింద బూడిదరంగు పేస్టు గుండ్రంగా, తీరుగా, ఆమె పెట్టినంతే ఉంది. ఎవరూ ఊడదీయలేదు, ఎవరూ పూయలేదు. తప్పు అచ్చంగా తనది, అబద్ధం అచ్చంగా అతనిది.

ఆ కాగితాన్ని చటుక్కున ఒలిచి చెత్తబుట్టలో వేస్తే చూసేవాళ్లెవరూ లేరు. షాపు దక్కుతుంది. కానీ నాయన ముందు ఆ అబ్బాయి చేతకానివాడిగా నిలబడిపోతాడు. అది తలుచుకుంటే ఆమెకి చచ్చేంత సిగ్గేసింది.

"నాయనా," అంది. "అతను చెప్పేది అబద్ధం. ఈ కాగితం తీయకుండా కూలర్ బిగించింది నేనే. కంప్లయింటు వచ్చినట్టే. కోచింగ్‌కి నీ ఇష్టం వచ్చినప్పుడు పంపించు."

జ్ఞానప్రకాశం కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు.

"ఇన్నేళ్లల్లో ఎన్ని కూలర్లు బిగించినావో నీకే లెక్క తెలీదు. ఎప్పుడన్నా ఈ కాగితం తీయడం మర్చినావా?"

"లేదు."

"మరి నిన్న ఏం చూస్తా బిగించినావు?"

బయట వాన హోరు.

"ఇతన్ని," అంది రెజీనా తల వంచుకుని.

ఫ్రెడ్డీ చెవులు ఎర్రబడ్డాయి. జ్ఞానప్రకాశం అతని వైపు తిరిగాడు. నవ్వు ఆపుకోవడానికి ఆయన పడుతున్న పాట్లు మీసాల దగ్గర తెలిసిపోతున్నాయి.

"చూడబ్బా, మా షాపులో కస్టమర్ నోటితో చెబితేనే కంప్లయింటు. ఏమన్నా ఉందా నీకు?"

"ఉంది అంకుల్."

రెజీనా ఉలిక్కిపడి తలెత్తింది.

"నిన్న అంతసేపు నన్ను చూసిన మనిషి, ఆ ముక్క నాతో ఎందుకు చెప్పలేదు? నేనయితే నిద్రపోకుండా అదే ఆలోచిస్తా ఉండా. నాకేమో ఆమె చాలా నచ్చింది. ఆమెకి నేను నచ్చినానో లేదో తెలీక చస్తా ఉండా."

"ఇట్టాంటి కంప్లయింట్లు షాపులో తీసుకోం," అన్నాడు జ్ఞానప్రకాశం, పేపరు చంకలో పెట్టుకుని లేస్తూ. "ఆదివారం ఆరాధన అయినాక మీ అమ్మని తీసుకోని ఇంటికి రా. అక్కడ తీసుకుంటాం. రెజీనా, అద్దెకి అడిగినోళ్లకి షాపు ఇచ్చేది లేదని చెప్పేస్తా ఉండా."

ఆయన లోపలికి వెళ్లిపోయాడు. ఫ్రెడ్డీ కౌంటర్ మీద మోచేతులు ఆనించి, మొహమంతా నవ్వు చేసుకుని రెజీనానే చూస్తూ నిలబడ్డాడు.

రెజీనా స్పిరిట్ సీసా మూత తిప్పింది. సిరంజీ అందుకుంది. మళ్లీ కింద పెట్టేసింది.

"అమ్మని ఆదివారం తీసుకొద్దువులే," అంది. "ముందు నువ్వు అటు తిరిగి నిలబడు. నేను కూలర్ బిగించాల."