కాలవలో పడే ఇన్‌స్పెక్టర్

"దూకు! దూకరా!" చుట్టూ పిల్లల కేకలు.

లాజరు దూకించేలోపే మేడ అయిపోయింది. ఇన్‌స్పెక్టర్ తిన్నగా వెళ్ళి కాలవలో పడ్డాడు.

"అవుట్!" పడింది సొంత తమ్ముడి ఇన్‌స్పెక్టరే అయినా, అమల అరుగు అదిరేలా అరిచింది.

ఆ ఆట అమల తయారుచేసిందే. గుణదలలో వాళ్ళింటి అరుగు మీద ఒక సబ్బుల అట్టపెట్టె. దానికి ముందువైపు కిటికీ. లోపల అటొక వెదురు కర్ర, ఇటొక వెదురు కర్ర. వాటికి చుట్టిన పొడుగాటి కాగితం. పాత సినిమా వాల్‌పోస్టర్లను మైదా జిగురుతో అతికించి, వెనకవైపు వన్ టౌన్ మేడలన్నీ బొమ్మలుగా వేసింది. మేడకీ మేడకీ మధ్య నీలంరంగు కాలవ.

కర్రకు బిగించిన హ్యాండిల్ తిప్పితే మేడలు వెనక్కి పోతాయి. పైనుంచి దారానికి వేలాడే అట్ట ఇన్‌స్పెక్టర్ ఉన్నచోటే ఉంటాడు. చూసేవాళ్ళకు మాత్రం దొంగ వెనక పరుగెత్తుతున్నట్టే ఉంటుంది. కాలవ రాగానే ఆడేవాళ్ళు దారం ఎత్తాలి. కాలు నీలానికి తగిలితే అవుట్. దొంగ చివరి మేడ మీద ఉంటాడు; పడకుండా అక్కడిదాకా వెళ్తే దొరికినట్టే.

ఆ దొంగ ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. ఎందుకంటే హ్యాండిల్ అమల చేతిలో ఉంది. ఎవరైనా చివరిదాకా వస్తున్నారంటే చాలు, ఆ చెయ్యి గిర్రున తిరిగేది.

"మేడలకేమైనా లారీ కట్టావటే?" అన్నాడు ఎదురింటి ఎల్లారావు.

"పరుగెత్తడం చేతకాకపోతే మీ ఇన్‌స్పెక్టర్‌ని రాజీనామా చెయ్యమను!"

ఇన్‌స్పెక్టర్ చెయ్యలేదు గానీ ఎల్లారావు చేశాడు. గోళీలాటకు పోయాడు. అతని వెనకే మిగతా పిల్లలూ పోయారు.

అప్పుడు గుర్తొచ్చింది అమలకు. కాసేపట్లో మాణిక్యమ్మ టీచర్ వస్తారు. స్కూలు వార్షికోత్సవంలో ఇంకొక్క స్టాలే మిగిలింది. "పిల్లలు ఎగబడి ఆడేదైతేనే ఇస్తాను" అని టీచర్ ముందే చెప్పారు.

టీచర్ వచ్చేసరికి అరుగు మీద అమల, ముక్కు ఎగబీలుస్తున్న లాజరు, ఒక మేక ఉన్నారు.

"ఆడేది ఈ మేకేనా?" అన్నారు టీచర్.

"అందరూ ఇప్పుడే వెళ్ళారండీ..."

"సరే, నేనాడతాను. తిప్పు."

టీచర్ గొడుగు పక్కన పెట్టి దారం అందుకున్నారు. మేడ తర్వాత మేడ చక్కగా దూకించారు. అంతలో దొంగ మీసం కనబడింది. అమల చెయ్యి ఊరుకోలేదు. గిర్రుమంది.

"అవుటండీ," అంది అమల వినయంగా.

"బాగుంది. ఇప్పుడు నువ్వాడు. నేను తిప్పుతాను."

టీచర్ చెయ్యి మెల్లగా మొదలైంది. ఉన్నట్టుండి ఊపందుకుంది. అమల అవుట్! మళ్ళీ ఆడింది. మళ్ళీ అవుట్! ఈసారి కాగితం మెలిపడి, వెనకవైపు పోస్టర్‌లోని హీరో మీసాల ముఖం ఇటు తిరిగింది.

"అక్క ఇన్‌స్పెక్టర్ మీసంలో పడ్డాడు!" అని లాజరు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మీరు నా చెయ్యి చూడట్లేదండీ!" అమలకు ఏడుపొచ్చింది. "నేను దారం ఎత్తకముందే తిప్పేస్తున్నారు. అట్లా తిప్పితే ఎవరాడతారు..."

అమల కళ్ళు గోళీలాట వైపు తిరిగాయి.

టీచర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

అమల కాగితం సరిచేసి హ్యాండిల్ దగ్గర కూర్చుంది. "లాజరూ, రారా."

"రాను. మళ్ళీ కాలవలో తోస్తావు."

"తొయ్యను. రా."

ఈసారి అమల మేడల్ని చూడలేదు. తమ్ముడి వేళ్ళనే చూసింది. మేడ మీద హాయిగా తిప్పింది. అంచు రాగానే నెమ్మదించింది. వేళ్ళు దారం ఎత్తగానే మళ్ళీ తిప్పింది. ఇన్‌స్పెక్టర్ కాలవ దాటాడు! లాజరు చేతికి ఆట అలవాటయ్యాక కొంచెం జోరు పెంచింది. వాడు కెవ్వుమన్నాడు, సంతోషంతో.

చివరి కాలవ వచ్చింది.

"ఆగక్కా, ముక్కు!"

అమల చెయ్యి ఆపింది. లాజరు ముక్కు తుడుచుకునేదాకా వన్ టౌన్ మొత్తం నిలబడిపోయింది. తర్వాత ఒక్క దూకు!

"దొంగ దొరికాడోయ్!"

ఆ కేకకు గోళీలు వదిలేసి అందరూ పరుగెత్తుకొచ్చారు.

"వీడు పట్టాడా? ఈ ముక్కుగాడు?" అన్నాడు ఎల్లారావు. "జరగండి, నేనాడతా. ఏమే, ముందు మెల్లగా తిప్పవే తల్లీ."

"నీ చేతిని బట్టే తిప్పుతాలే."

అరుగు ముందు పెద్ద వరస తయారైంది. చిట్టచివర మాణిక్యమ్మ టీచర్ నిలబడ్డారు.

"టీచర్, మరి స్టాల్?"

"నీదేలే. ముందు నా దొంగని నన్ను పట్టుకోనీ."

టీచర్ వంతు వచ్చింది. మీసం కనబడింది. నీలం దగ్గరపడింది. అమల హ్యాండిల్‌ను నెమ్మదిగా తిప్పుతూ టీచర్ వేళ్ళకేసి చూసింది.