పెద్దమ్మ వీడియో కాల్

ఆ ఉదయం పుష్పకుమారి ఉప్మా కలపడం ఆపి, ఫోన్‌ను పంచదార డబ్బాకు ఆనించి, రెండు చేతులతో గబగబా మాట్లాడుతోంది. అవతల ఎలమంచిలిలో ఆమె అక్క కేథరిన్. పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. అక్కచెల్లెళ్ల కబుర్లన్నీ చేతులతోనే.

పక్కగదిలో కూతురు రేచల్ ఆఫీసు మీటింగు మూడోసారి ఆగిపోయింది. మేనేజరు విసుక్కుని, ఆమె చెప్పాల్సింది వేరొకరిని చెప్పమన్నాడు. ఆ కోపమంతా వంటింట్లోకి తెచ్చింది రేచల్.

"అమ్మా, నీ వీడియోతోనే నెట్ అంతా పోతోంది. రోజూ ఇవే కబుర్లా? రాసి పంపుకోవచ్చుగా!"

"అక్కకి సదువు రాదు కదమ్మా."

"అయితే నా ఉద్యోగం పోనీ!"

పుష్పకుమారి అక్కకు చెయ్యి ఊపి కట్ చేసింది. ఆ తర్వాత ఫోను ఫ్రిజ్ మీదే ఉండిపోయింది. మీటింగులు మాత్రం అలాగే ఆగిపోతూ వచ్చాయి.

నాలుగో రోజు, కొత్త నెట్ కనెక్షన్ కోసం రేచల్ పిలిపించిన గుణశేఖర్ వచ్చాడు. ఆమె లాప్‌టాప్‌లో స్పీడు చూసి నవ్వాడు.

"కొత్త లైను ఇచ్చేత్తాను మేడం. కానీ ముందిది సూడండి. మీ దాన్నుంచే ఏటో పగలంతా పైకి ఎక్కుతంది. ఫొటోలేటి?"

రేచల్ స్క్రీను తనవైపు తిప్పుకుంది. అరకు వెళ్లొచ్చిన వీడియోలన్నీ ఆన్‌లైన్‌లో దాచుకుందామని కిందటి వారం తనే పెట్టి మర్చిపోయింది.

"అమ్మ వీడియో కాల్ వల్ల కాదా?"

"అదెంతండీ! ఈ లైన్లో పైకెల్లే స్పీడే, అదే అప్‌లోడు, తక్కువ. ఏ కంపెనీ తీసుకున్నా ముందు అదడగండి. మీ ఈదిలో ఎవులికి బాగుందో కనుక్కోండి. పోస్టర్ మీద అంకె సూసి తీసేసుకోకండి."

హాల్లోంచి తండ్రి రత్నరాజు గొంతు వినిపించింది.

"ఇన్నావేటే? మీ అమ్మ నాలుగురోజుల్నించి సరిగ్గా అన్నం తింతన్నాదో నేదో, ఎప్పుడైనా సూసావా?"

అంతలోనే గేటు చప్పుడైంది. చెమటతో తడిసిన చీరలో కేథరిన్ నిలబడి ఉంది. దువ్వాడ స్టేషన్లో దిగి, అడ్రసు కాగితం చూపించుకుంటూ ఒంటరిగా వచ్చింది. వస్తూనే చెల్లెలి నుదురు, మెడ తడిమి చూసింది. ఆమె చేతులు ఆగకుండా కదులుతున్నాయి. పుష్పకుమారి ఏడుస్తూనే చేతులతో బదులిచ్చింది.

"ఏమంటోందమ్మా?"

"నాకు ఒంట్లో బాగోనేదేమోనని బయపడి వచ్చేసిందట. మా నెట్ పాడైందని సెప్పాను."

రేచల్ తలెత్తలేకపోయింది. చిన్నప్పుడు తనను చంక దించకుండా పెంచిన పెద్దమ్మ ఈమె.

"తప్పు నాదని చెప్పమ్మా."

"నాను సెప్పను. నువ్వే సెప్పు."

"నాకు రాదు కదా!"

అనేశాక ఆ మాట ఆమెకే చెంపదెబ్బలా తగిలింది. తనకు ఇరవై ఏడేళ్లు. పెద్దమ్మకు చెయ్యి ఊపడం తప్ప ఆమె చేతుల భాషలో ఒక్క మాటా నేర్చుకోలేదు.

పుష్పకుమారి కూతురి పిడికిలి పట్టుకుని గుండెల మీద గుండ్రంగా తిప్పించింది, 'క్షమించు' అనే గుర్తు అది. రేచల్ పెద్దమ్మ ముందుకెళ్లి అలాగే చేసింది. ఎటు తిప్పాలో మర్చిపోయి సగంలో ఆగిపోయింది.

దేనికి క్షమాపణో కేథరిన్‌కు తెలియదు, అడగనూ లేదు. రేచల్ పిడికిలిని తన అరచేతుల్లోకి తీసుకుని, పసిపిల్లకు అక్షరం దిద్దించినట్టు, మెల్లగా మళ్లీ మొదటినుంచి తిప్పించింది.