పన్నెండు గంటల ఫిరంగి

లైట్‌హౌస్ మెట్ల మీద పోస్ట్‌కార్డులు అమ్మేవాడు శవమై పడి ఉన్నాడు. పైకి చిరువ్యాపారి, లోపల డిపార్ట్‌మెంట్ ఇన్ఫార్మర్. బిగిసిన పిడికిట్లో కార్డు ముక్క: 'రేపు పన్నెండింటికి. ఓడ.'

గంటలో ఏజెంట్ పిచ్చుక చీఫ్ ముందు నిలబడింది.

"విదేశీ ముఠా పని. రేపు పన్నెండింటికి దౌత్యవేత్తల ఓడ హార్బర్‌లోకి వస్తోంది. అది మునిగిందా, యుద్ధమే. నువ్వు టూరిస్టువి. చంకలో బిడ్డ ఉంటే ఎవరూ అనుమానించరు."

"బిడ్డనెవరిస్తారు సార్?"

"నీకున్నాడుగా!"

ఎనిమిది నెలల చంటాడు. జలుబు తగ్గి రెండు రోజులు కాలేదు.

"ఇదిగో గిలక్కాయ. మూడుసార్లు ఆడిస్తే కమాండోలు దిగుతారు."

ఆ ఉదయమే రెక్కీ. పాత కస్టమ్స్ హౌస్, లైట్‌హౌస్, చివరికి కోట బురుజు. ఓడలకు టైం చెప్పే పాతకాలపు ఫిరంగి అక్కడుంది. రోజూ పన్నెండింటికి గుండు లేకుండా ఉత్తి మందుతో పేలుస్తారు. ఖాకీ కోటు తాత కాగడా ఎత్తినవాడల్లా ఆగాడు.

"పిల్లతల్లులూ, చెవులు మూయండమ్మా. చంటివాళ్ళు జడుసుకుంటారు."

ఆమె బిడ్డ చెవులు మూసేదాకా ఆగి మరీ పేల్చాడు.

మర్నాడు హార్బర్ గట్టు మీద ఎర్ర కళ్ళద్దాల గైడ్ ఎదురైంది. సినిమాతారలా ఉంది.

"ఇక్కడ గవ్వలు దొరుకుతాయా?" అడిగింది పిచ్చుక.

"తుఫాను వెలిశాక దొరుకుతాయి."

కోడ్ కరెక్ట్. మన మనిషే.

"బాంబు లైట్‌హౌస్‌లో ఉంది," అంది గైడ్ గుసగుసగా.

బిడ్డను మోసుకుంటూ నూటపది మెట్లూ ఎక్కింది పిచ్చుక. పైన బూజు తప్ప ఏమీ లేదు. టైం పదకొండూ యాభై. దిగి, ఫిరంగి చూడబోయే టూరిస్టుల వెనకే బురుజు చేరింది.

అదే ఖాకీ కోటు, అదే తెల్లమీసం. కాగడా లేచింది. పన్నెండుకు ఇంకా నిమిషం ఉంది. చెవులు మూయమనలేదు.

అప్పుడు చూసింది. నిన్న నడిసముద్రం వైపున్న ఫిరంగి మూతి ఇవాళ హార్బర్ వైపు తిరిగి ఉంది. దాని ఎదుటే తెల్లటి ఓడ.

గిలక్కాయ మూడుసార్లు ఆడించింది. ఎవరూ రాలేదు. బిడ్డ వీపుకు చల్లగా ఏదో ఆనింది. గైడ్ స్కార్ఫ్ కింద పిస్టల్.

"కదిలావో, వీడు మిగలడు."

"కదలను తల్లీ. వాడి పాలవేళ. ఏడిస్తే అందరూ ఇటే చూస్తారు. సీసా తియ్యనా?"

"తియ్యి. త్వరగా."

కాగడా ఆమె పక్కనే, వత్తికి జానెడు దూరంలో ఉంది. మూత ఊడదీసి, సీసాడు పాలూ కాగడా మీదా, ఫిరంగి వత్తి మీదా గుమ్మరించింది. చుయ్! పొగ. అంతే. గైడ్ కళ్ళు అటు తిరిగిన క్షణంలో పిచ్చుక ఆమె మణికట్టు ఒడిసిపట్టి మెలితిప్పింది. పిస్టల్ గోడ అవతల సముద్రంలో పడింది. 'పట్టుకోండి!' అని పిచ్చుక అరవగానే టూరిస్టులు దొంగ తాత మీద పడ్డారు. ఊడిన మీసం ఒకాయన చేతిలో మిగిలింది.

అసలు తాత మందుగుండు కొట్లో కట్టేసి దొరికాడు. కట్లు విప్పగానే, "బిడ్డ జడుసుకున్నాడా అమ్మా?" అన్నాడు.

చీఫ్ ఫోన్‌లో అరిచాడు. "సిగ్నల్ ఎందుకివ్వలేదు?"

"పొద్దుట్నుంచీ మావాడు గిలక్కాయతో ఇస్తూనే ఉన్నాడు సార్."

"ఆ అరవై మూడుసార్లూ వాడేనా! విసుగొచ్చి రిసీవర్ కట్టేశాం."

ఫిరంగి మోగలేదు గనక ఆ రోజు ఊళ్ళో ఎవరికీ పన్నెండు కాలేదు, చంటాడికి తప్ప. వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. సీసాలో చుక్క పాలు లేవు.