రసూల్ గదిలో గుడగుడ

పుంగనూరులో మదనపల్లె రోడ్డు మీద రసూల్ బ్యాటరీలు చార్జింగు చేసే గది ఉంది. పొద్దు వాలిందంటే దాని పక్కగా ఎవరూ పోరు. లోపల ఎవరో గుడగుడమని మాట్లాడుతుంటారట...

రెండేళ్ల కిందట రసూల్ ఆ గది తలుపు తీసి బీడీ వెలిగించాడు. భగ్గుమని నీలి మంట — మనిషి దక్కలేదు. కొరివి దెయ్యమని ఊరు తేల్చేసింది. ఊరికి తేల్చడం ఎంతసేపు!

అది బయటికి రాకుండా కొడుకు మోసిన్ పైనున్న గాలి కన్నాలకు ఇటుకలు పెట్టేశాడు. చార్జింగు మాత్రం మానలేదు. దెయ్యం దెయ్యమే, వ్యాపారం వ్యాపారమే.

రసూల్ భార్య ఆబిదాకు భయం లేదు. ప్రతి గురువారం పొద్దుగూకే మగ్రిబ్ నమాజయ్యాక గడప బయట కూర్చుని సాంబ్రాణి లోబాన్ పొగ వేసేది. లోపలి గుడగుడ వింటూ, ఆయనే అనుకునేది.

నాకిది చెప్పింది కుప్పం లోకనాథ్. అణు విద్యుత్ కేంద్రంలో పని. సెలవుకొచ్చి, చార్జింగుకిచ్చిన అక్క ఇంటి బ్యాటరీ తెద్దామని ఒక గురువారం అక్కడికి పోయాడు.

చీకటి పడుతోంది... ఆబిదా చేతిలో ధూపం గిన్నె, అందులో ఎర్రటి నిప్పులు. ఆరోజు రసూల్ పోయిన దినం. ఈసారి లోపలే పొగ వేయాలని గొళ్లెం మీద చెయ్యి వేసింది.

లోకనాథ్ పైకి చూశాడు. ఇటుకలు! లోపల గుడగుడ... ఒక్క అంగలో గడప దగ్గరికి పోయాడు.

"ఆగమ్మా... తలుపు తీయొద్దు!"

"యాల నాయనా? ఆయన పిలుస్తాండాడు..."

"ఆ నిప్పు ఈడొద్దు. దండం పెడతా..."

ధూపం గిన్నె లాక్కుని రోడ్డవతల పెట్టి వచ్చాడు. బయటి గోడకున్న కరెంటు మెయిన్ స్విచ్చి ఆపేశాడు. ఇటుకలు ఒక్కొక్కటే పీకేశాడు. లోపల గుడగుడ తగ్గి... తగ్గి... ఆగిపోయింది.

"చార్జింగులో బ్యాటరీ నీళ్లు అట్ల గుడగుడమంటాయమ్మా. ఆ బుడగల్లో హైడ్రోజన్ గ్యాసు ఉంటాది. పోయే దారి లేకుంటే పైకప్పు కింద చేరతాది. నిప్పురవ్వ తగిలితే సాలు. మా రియాక్టరు గోపురంలోనూ ఇదే భయం. ప్రమాదంలో ఆ గ్యాసు పుడితే, మంట లేకుండా నీళ్లుగా మార్చే పెట్టెలు పెట్టుకోనుండాము. ఈడ సూస్తే గాలి కన్నాలే మూసినారు! ఆ పొద్దు వాన పడతాందని రసూలన్న ఆ కన్నాలకే గోతాలు అడ్డం పెట్టినాడంట గదా, మా అక్క చెప్పింది... అదే ఆయన పానం తీసింది."

ఆబిదా ఆ తలుపుకు చెవి ఆనించింది.

"అయితే... ఇన్నాళ్లూ నాతో మాట్లాడింది ఆయన కాదా?"

ఆమె లోకనాథ్ దగ్గరికొచ్చి, ఎవరైనా వింటారేమోనన్నట్టు చిన్నగా అడిగింది —

"గాలి ఆడతాంది గదా నాయనా... ఆ మెయిన్ ఒక్కసారి మళ్లీ వేస్తావా?"