గిల్లుడు లీడరు

పైడిరత్నం ఎన్నడూ పైకి అనని మాట ఒకటుంది. ఆమె కనిపెట్టిన యంత్రం చదువును కొలవదు. ఉలికిపాటును కొలుస్తుంది.

ఆ సంగతి ఆమెకు మొదటినుంచీ తెలుసు. ఇంటి ముందుగదిలో మొబైల్ రిపేరు షాపు నడుపుకుంటూ, తొలి పట్టీని తన చెవి వెనకే అతికించుకుని కూర్చున్ననాడే తెలిసింది. ట్రాన్సిస్టర్ గురించి ఏదో పాఠం వింటోంది. ఎన్నాళ్లుగానో కొరుకుడు పడని ముక్క చటుక్కున అర్థమైంది. స్క్రీన్ మీద సన్నటి అల లేచింది. కేక వేయబోయేంతలో వంటింట్లో వాళ్లమ్మ చేతిలోంచి ఇత్తడి గిన్నె జారి ఖంగున పడింది. స్క్రీన్ మీద ఇంకో అల లేచింది, అచ్చం మొదటిదానిలాంటిదే.

పైడిరత్నం కాసేపు పెదవి కొరుక్కుంది. రెంటినీ విడదీసే పని తర్వాత చూసుకుందాంలే అనుకుంది. ఆమె తీరే అంత. ఇంటర్ సగంలో మానేసి, దొరికిన పుస్తకమల్లా చదివి, విప్పగలిగిన వస్తువల్లా విప్పి, తనంతట తానే నేర్చుకున్న పిల్ల. ఒక పని ముగియకముందే ఇంకో పని మీద చేయి పడేది. ఆ ‘తర్వాత’ వచ్చేలోపు విద్యాశాఖవాళ్లు వచ్చారు.

యంత్రం పేరు నెమరు. అదెలా పనిచేస్తుందో సారిపేటలో ఇప్పుడు టీ కొట్టు దగ్గరి మనిషైనా చెబుతాడు. ఏదైనా సంగతి మెదడులో నాటుకునే క్షణంలో చిన్న అల లేస్తుంది. పిల్లల చెవి వెనక రూపాయి బిళ్లంత పట్టీ ఆ అలను పసిగడుతుంది. వెంటనే గోడమీది బోర్డులో ఆ పిల్ల పేరు పక్కన పచ్చదీపం వెలుగుతుంది. గదిలోని మైకు ఆ క్షణంలో వినపడిన మాటల్ని దాచిపెడుతుంది. ఏడాది చివర అలా దాచినవన్నీ హెడ్‌ఫోన్స్‌లో పిల్లకు వరసగా వినిపిస్తారు. వింటూ వింటూ, ఈ ఏడాది తను ఏం నేర్చుకుందో ఆ పిల్లే చెబుతుంది. దాన్ని ‘ఏడాది మాట’ అంటారు. తల్లిదండ్రుల్ని పిలుస్తారు, శామియానా వేస్తారు, మైసూరు పాక్ పంచుతారు.

ఇక దీపాల లెక్క సంగతి. తరగతిలో పచ్చదీపాలు బాగా తగ్గితే బోర్డు మొత్తం ఎర్రబడుతుంది. నెలల తరబడి ఎర్రగా ఉన్న బడిలో టీచరును తీసేసి, గోడకు పెద్ద తెర పెడతారు. పాఠం తెర చెబుతుంది.

ఏప్రిల్ మొదటివారం. ఒంటిపూట బడులు. మర్నాటి సభకు విద్యాశాఖ డైరెక్టరు కుసుమకుమారి మేడం స్వయంగా వస్తున్నారు. ఏడాది మాట చెప్పడానికి జిల్లా మొత్తంలో ఎంచుకున్నది సారిపేట రైలుగేటు బడిలో నాలుగో తరగతి చదివే జోషితని. ఎందుకంటే ఆ తరగతంత పచ్చటి తరగతి జిల్లాలో ఇంకోటి లేదు. ముందుగా ఒకసారి సరిచూసుకోడానికి పైడిరత్నం తన పెట్టె పట్టుకుని ఉదయమే బడికి వచ్చింది.

అప్పలనరసయ్య మాస్టారు గుమ్మంలోనే ఎదురయ్యారు. మడత నలగని కొత్త చొక్కా వేసుకున్నారు.

“రా తల్లీ, రా. నీ పుణ్యమా అని ఈ వయసులో నాకు యోగం పట్టింది. ఆర్డరొచ్చింది, చూసేవా?”

ఫోను ఆమె చేతికిచ్చారు. పైడిరత్నం చదివింది. జిల్లాలో ఉత్తమ ఉపాధ్యాయుడిగా గుర్తించి, జూన్ నుంచి ఆయన్ని రాజధానిలోని శిక్షణ కేంద్రానికి మారుస్తున్నారు. అక్కడ ఆయన పాఠాలన్నీ షూటింగ్ తీసి, తెరలున్న ప్రతి బడికీ పంపుతారు.

“మరి ఇక్కడ?” అంది.

“ఇక్కడా తెరే. అందులోనూ నేనే అనుకో,” అని నవ్వారు. నవ్వు సగంలో ఆగింది. “పోయిన జూన్‌లో గుర్తుందా? నా బోర్డు నిప్పులా ఉండేది. ఇన్నేళ్లూ గోడకి చెప్పేనా పాఠాలు అనిపించింది. అన్నం సయించలేదు. ఎలగో ఆగస్టుకల్లా పచ్చబడింది. నాలో ఏదో మారింది తల్లీ. ఏం మారిందో నాకే తెలీదు.”

పైడిరత్నానికి ఆ జూన్ గుర్తుంది. యంత్రం సరిగా బిగిసిందో లేదో చూడ్డానికి వచ్చి, వెనక బల్లమీద కూర్చుని ఆయన పాఠం విన్నది. ఆయన నెమ్మదైన మనిషి. గొంతు పెంచరు. ఒక పిల్లకు అర్థం కాకపోతే చాక్‌పీసు కింద పెట్టి, ఆ పిల్ల పక్కన చతికిలబడి, అర్థమయ్యేదాకా లేవరు. నేలలోకి నీరింకినట్టు మెల్లగా ఎక్కుతుంది ఆయన పాఠం. అలా మెల్లగా ఎక్కేదానికి అల లేవదు. యంత్రం పట్టుకోదు. ఆమె ఆరోజే గమనించింది. గమనించి, పెట్టె సర్దుకుని వెళ్లిపోయింది.

జోషితని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. రెండు జడలు, ఊడిన పన్ను. పైడిరత్నం దాని చెవి వెనక పట్టీ సరిచేసి, పోల్చి చూసుకోడానికి ఇంకో పట్టీ తనూ పెట్టుకుంది.

“పట్టీ అక్కా, నువ్వూ చదువుకుంతావా?” అంది జోషిత. పిల్లలంతా ఆమెను పిలిచేది అలాగే.

“ఆఁ. నువ్వు చెప్తే నేర్చుకుంటా. భయపడకు, హెడ్‌ఫోన్స్‌లో ఏది వినపడితే అది చెప్పు.”

జోషిత చేతులు కట్టుకుని, గొంతు సవరించుకుంది.

“అందరికీ నమస్కారం. నా పేరు జోషిత. ఈ ఏడాది నేను నేర్చుకున్నవి చెప్తాను. పన్నెండో ఎక్కం దాకా నేర్చుకున్నాను. ఆకుల్లో తిండి ఎలగ తయారవుతాదో నేర్చుకున్నాను. భాగహారం నేర్చుకున్నాను. అబద్ధం ఆడకూడదని నేర్చుకున్నాను.”

మాస్టారు తలాడించారు. పైడిరత్నం మీట నొక్కింది. హెడ్‌ఫోన్స్‌లో ఏడాది మొదలైంది. జోషిత కళ్లు చికిలించి వింది.

“ఇది... భాగహారం రోజు. ఇక్కడ భార్గవ్ గిల్లినాడు. ఇదీ భాగహారమే. ఇక్కడ లిఖిత గిల్లింది. ఇది దిక్కుల పాఠం. ఈశాన్యం దగ్గర గిల్లినారు. ఇది ఆకుల పాఠం. అబ్బ, ఇది గట్టిగా గిల్లినారు, ఇది మోహిత్. ఇది...”

హఠాత్తుగా నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. బోర్డులో దాని దీపం పచ్చగా భగ్గుమంది.

బయట వంట షెడ్డులో పప్పు గుత్తి చప్పుడు వినిపిస్తోంది.

“గిల్లడం ఏవిటమ్మా?” అన్నారు మాస్టారు.

జోషిత పైడిరత్నం వైపు చూసింది, ఆయన వైపు చూసింది. తప్పించుకునే దారి లేదని తెలిసి, ఏకబిగిన చెప్పేసింది.

“మన క్లాసులో నీళ్ల లీడరుంతాడు కద సార్. చెప్పుల లీడరుంతాడు, అన్నం లీడరుంతాడు. అలగే గిల్లుడు లీడరు కూడా ఉంతాడు. వారానికొకరం. మీరు నల్లబల్ల మీద రాసేటప్పుడు ఎనకనించి గిల్లాల. మోచేతి పైన గిల్లాల, అక్కడైతే మచ్చ పడదు. గిల్లినప్పుడు అరిసినోళ్లకి లీడరు వంతు ఇయ్యం.”

“ఎవరు నేర్పేరే ఇది?”

“ఎవులూ నేర్పనేదు సార్. ఒకనాడు కందిరీగొచ్చింది కదా. అందరం గెంతినాం. అప్పుడు బోర్డంతా పచ్చగా ఎలిగింది. మీరు అటు తిరిగి రాస్తన్నారు, కందిరీగని చూడనేదు. ఇటు తిరిగి దీపాలు చూసినారు. ‘ఇవాళ నా పాఠం బాగా ఎక్కిందర్రా’ అని సంతోషపడినారు. ఆ రోజు అందరికీ బెల్లంచెక్క కొనిపెట్టినారు. రోజూ కందిరీగ రాదు కద సార్. అందుకని.”

“బెల్లంచెక్క కోసమా?”

“కాదు సార్!” ఆ పిల్లకు రోషం వచ్చింది. “ఎర్రగుంటే మిమ్మల్ని తీసేసి టీవీ ఎట్టేస్తారు కదా. కొత్తవీధి బళ్లో ఎట్టేసినారు. మా పిన్ని కూతురు అక్కడే చదువుతాది. ‘సార్, ఒకటికెళ్లొస్తాను’ అంటే ఆ టీవీ పలకదంట. ఆపదంట. మొన్నొక పిల్లడు క్లాసులోనే పోసేసుకున్నాడంట. మిమ్మల్ని అట్టుకెళ్లిపోతారని బయపడి మేం అందరం ఒట్టేసుకున్నాం.”

అప్పలనరసయ్య మాస్టారు కిటికీ వైపు తిరిగారు. కొత్త చొక్కా కాలరు ఒరుసుకుంటున్నట్టు మెడ తడుముకున్నారు. అటు తిరిగే అడిగారు.

“నీ వంతు వచ్చిందా?”

“రెండుసార్లొచ్చింది.”

“ఎవర్ని గిల్లేవు?”

“అందర్నీ సార్. భార్గవ్‌ని ఎక్కువ. ఆడు ఊరికే నిద్రోతాడు.”

ఆయనకు నవ్వొచ్చింది. ఆపుకున్నారు. “పన్నెండో ఎక్కం చెప్పు. పన్నెండు ఏడులు?”

“ఎనభై నాలుగు,” అంది జోషిత తడుముకోకుండా.

బోర్డు మీద దీపం వెలగలేదు.

“ఇది గిల్లితే వచ్చిందా మరి?”

“గిల్లుడు ఎక్కం ఎలగ చెప్తాది సార్? ఎక్కం మీరు చెప్పినారు.” ఆ మాత్రం తెలీదా అన్నట్టు చూసింది. వెంటనే దానికి అసలు సంగతి గుర్తొచ్చింది. “సార్, మనమే జిల్లా ఫస్టంట కదా. ఇంకెవులూ మిమ్మల్ని తీసుకెళ్లరు కదా? వచ్చే ఏడాది గిల్లక్కర్లేదా?”

“నువ్వెళ్లి నీళ్లు తాగి రా అమ్మా,” అన్నారు ఆయన.

జోషిత గెంతుకుంటూ వెళ్లిపోయింది. దాని అడుగుల చప్పుడు వరండా చివరిదాకా వినపడింది.

“బాగానే ఉంది,” అన్నారు మాస్టారు. “నన్ను ఉంచుకోవాలని పాపం ఏడాదంతా గిల్లుకున్నారు. ఆ గిల్లుళ్లే నన్ను ఎగరేసుకుపోతున్నాయి.”

పైడిరత్నం వైర్లు చుడుతోంది. చుట్టినదాన్నే విప్పి మళ్లీ చుట్టింది.

“ఒక మాట అడుగుతాను, చెప్పు తల్లీ. నీ యంత్రానికి గిల్లుడూ చదువూ ఒకటేనా?”

“ఇంకా కొంచెం సరిచేయాలి మాస్టారూ. వచ్చే వెర్షన్లో...”

“అది కాదు నేనడిగేది. జూన్‌లో బోర్డు ఎర్రగుంది కదా. అప్పుడు నేను చెప్పింది వీళ్లకి ఎక్కలేదా, ఎక్కిందా?”

ఆయన గొంతు పెంచలేదు. పిల్లల పక్కన చతికిలబడి అడిగేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది గొంతు. జవాబు వచ్చేదాకా లేచే మనిషి కాదని ఆమెకు తెలుసు.

“ఎక్కింది మాస్టారూ,” అంది.

ఆయన మెల్లగా తలాడించారు. ఆర్డరు వచ్చినప్పుడు కూడా ఆయన మొహం అంత తేటగా ఉండి ఉండదు.

“సరే. ఇప్పుడు సంగతి విను. నేను వెళ్లి ఈ మాట మేడంతో చెప్తే ఏమవుతాది? పిల్లలు మోసం చేసేరంటారు. వీళ్లమ్మల్నీ నాన్నల్నీ పిలిపిస్తారు. ఆ జోషితని సభలో నిలబెట్టి మైసూరు పాక్ బదులు చీవాట్లు పెడతారు. నేను చెప్పను. రాజధానికి పొమ్మంటే పోతాను, తెరలో నిలబడమంటే నిలబడతాను. ‘ఒకటికి వెళ్లొస్తాను సార్’ అని ఇక్కడ పిల్లలడుగుతుంటే, అక్కడ నేను నవ్వుతూ భాగహారం చెప్పుకుంటూ ఉంటాను.” కాస్త ఆగారు. “అదే నువ్వు చెప్పేవనుకో, పిల్లల్ని ఎవరూ ఏమీ అనరు. నీ యంత్రాన్ని అంటారు.”

“నన్ను అంటారు,” అంది పైడిరత్నం.

“ఆఁ. నిన్నూ అంటారు.”

బలవంతం చేయలేదు ఆయన. చొక్కా చేతులు మడుచుకుంటూ, అన్నాల వేళయిందని షెడ్డు వైపు వెళ్లిపోయారు.

గదిలో పైడిరత్నం ఒక్కతే మిగిలింది. జూన్‌కల్లా రాష్ట్రంలోని బడులన్నింటికీ నెమరు పట్టీలు వెళ్లాలి. అందుకని ఆమె రిపేరు షాపు మూసేసింది. వాళ్లమ్మ వీధివీధంతా చెప్పుకుంది. మేడం ఆమెను ‘మా సైంటిస్ట్’ అని నలుగురికీ పరిచయం చేస్తారు. ఇంటర్ పాసవని పిల్లకు ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో ఆమెకే తెలుసు.

లేదంటే ఊరుకోవచ్చు. హెడ్‌ఫోన్స్‌లో వినిపించే ముక్కల్ని కాస్త కత్తిరిస్తే సరిపోతుంది. రేపు జోషిత ఎక్కాలూ ఆకులూ చెప్పి దిగిపోతుంది, అందరూ చప్పట్లు కొడతారు. జూన్‌లో ఇంకెన్నో బళ్లలో బోర్డులు వెలుగుతాయి. ఇంకెందరో నెమ్మదైన మాస్టార్ల బోర్డులు ఎర్రబడతాయి. ఎక్కడో ఒక కందిరీగ వస్తుంది.

కిటికీలోంచి చూసింది. పిల్లలు కంచాలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. అన్నం లీడరు అజమాయిషీ చేస్తున్నాడు. వరస చివర జోషిత, ముందున్న పిల్లాడి మోచేతి పైన, అలవాటుగా, రెండు వేళ్లతో పట్టుకుంది. వాడు కిక్కురుమనలేదు. ఇద్దరూ బోర్డు ఉన్న గదివైపు చూశారు, దీపం వెలిగిందేమోనని.

పైడిరత్నం ఫోను తీసి కుసుమకుమారి మేడం నంబరు వెతికింది. ఏ మాటతో మొదలుపెట్టాలో మనసులో ఒకసారి అనుకుంది. మొదటి వాక్యం చాలా చిన్నది. ఏళ్లనుంచి సిద్ధంగానే ఉంది.

తల ఎత్తితే, గోడమీది బోర్డులో తన పట్టీకి కేటాయించిన దీపం కనపడింది. అది వెలగలేదు. కొత్తగా తెలిసిందేమీ లేదు మరి.

ఆమె మేడం పేరు మీద వేలు ఆనించింది.