రెండు చరుపులు

వికారాబాద్‌లో తాండూరు రోడ్డు మీద బాలస్వామి షాపు తెలియని డ్రైవరు లేడు. లైటు వెలగకపోయినా, హారన్ మూగబోయినా, బ్యాటరీ ఊరికే దిగిపోతున్నా ఆయన దగ్గరికే వస్తారు. పనిలో వంక పెట్టడానికి ఉండదు. వంకంతా మనిషిలోనే ఉంది. తను చేసిన పని గురించి ఎవరైనా ఒక్క మాట అడిగితే ఆయనకు ఒళ్ళు మండిపోతుంది.

తాండూరులో నాపరాళ్ళు కోసి పాలిష్ పట్టించే మహిధర్ సేటు ఒక పికప్ కొని, దాని వెనక నాలుగు చక్రాల ట్రైలరు తగిలించి, ఆ ట్రైలరుకు కరెంటు బ్రేకులు పెట్టించాడు. ఆ పని బాలస్వామే చేశాడు. స్టీరింగ్ కింద అరచేతిలో పట్టేంత డబ్బా బిగించాడు. ట్రైలరు వైరు తెచ్చి పికప్‌కు గుచ్చితే డబ్బా మీద పచ్చలైటు వెలుగుతుంది. డ్రైవరు బ్రేకు తొక్కితే ట్రైలరు చక్రాలు కూడా పట్టుకుంటాయి. ఎంత గట్టిగా పట్టుకోవాలో చెప్పడానికి ఒక నాబు, అది ఏ అంకె మీద ఉందో చూపించడానికి చిన్న అద్దం. ఎక్కుడులో ఆగాల్సి వస్తే ట్రైలరు ఒక్కదాన్నే బిగబట్టడానికి బొటనవేలితో నెట్టే మీట కూడా ఉంది.

నాబును బరువును బట్టి మార్చుకోవాలి. ఖాళీ ట్రైలరుకు మూడు చాలు. నాలుగు టన్నుల రాయి ఎక్కితే ఏడో ఎనిమిదో కావాలి. ఇదంతా బాలస్వామికి తెలియక కాదు. షాపు ముందు ఖాళీ ట్రైలరుతో నడిపి చూశాడు, మూడు మీద బాగానే పట్టింది, అక్కడితో చేతులు దులుపుకున్నాడు.

"డ్రైవర్లు ఊకె తిప్పి టైర్లు అరగదీస్తరు. ఎవ్వడు ముట్టకుంట చెయ్యి," అన్నాడు సేటు.

బాలస్వామి నల్లముద్ద, తెల్లముద్ద కలిపి పిసికి, ఆరితే రాయిలా గట్టిపడే ఆ సీలు మందును నాబు చుట్టూ మెత్తి, తడివేలితో నున్నగా దిద్దాడు. మూడు మీదనే.

డ్రైవరు మొగులప్ప పక్కనే నిలబడి చూస్తున్నాడు. నెమ్మది మనిషి. "అన్నా, లోడు మీద గిది ఆగుతదా? లోడు ఏసినంక జర ఒక్కసారి చూద్దాం," అన్నాడు.

"నాకు నేర్పుతున్నవా? నీ స్టీరింగ్ నువ్వు పట్టుకో, చాలు."

మొగులప్ప భార్య నాగవ్వ కిసుక్కున నవ్వింది. "ఆగకుంటె నా రాయి ఉండనే ఉన్నది గదా!" అంది.

రాళ్ళు దించే పనికి ఆమె కూడా బండిలోనే తిరిగేది. ఎక్కుడులో బండి ఆగితే కిందికి దూకి, చక్రం వెనక నాపరాయి ముక్క పెట్టి, పక్కరేకు మీద అరచేత్తో రెండు చరుపులు చరిచేది. రెండు చరిస్తే రాయి పెట్టాను, ఇక బ్రేకు వదులు అని. ఘాటు ఎక్కే డ్రైవర్లందరికీ తెలిసిన గుర్తే అది. ఆ చప్పుడు వినకుండా మొగులప్ప ఎప్పుడూ మీట మీంచి వేలు తీసేవాడు కాదు. రాళ్ళ బండి తోలేవాళ్ళకు పక్క అద్దంలో కనిపించేదాని కంటే రేకు మీద వినిపించేదే నమ్మకం.

పదకొండో రోజున, అనంతగిరి ఘాటు ఎక్కుతూ, మొదటిసారి నిండు లోడుతో బండి మలుపులో ఆగిపోయింది. మీట నెట్టినా ట్రైలరు నిలవలేదు. రాయి పట్టుకుని దూకిన నాగవ్వ మీదుగా వెనక్కి దొర్లి, పికప్‌ను కూడా ఈడ్చుకుని లోయలో పడింది. నాగవ్వను తీయడానికి ముందు మీద పడ్డ రాళ్ళను ఒక్కొక్కటిగా తీయాల్సి వచ్చింది. మొగులప్పను తీయడానికి రేకు కోశారు.

ఆ సాయంత్రమే సేటు ఫోన్ చేశాడు. "రేపు ఇన్‌స్పెక్టర్ వస్తడట. ఆలోపల డబ్బా పీకెయ్. మంచిగుంటె రెండో పికప్‌కు పెడదాం."

నుజ్జయిన బండిలో తల దూర్చాడు బాలస్వామి. డీజిల్ వాసన, తడిసిన సీటు వాసన, వాటి కింద ఇంకేదో పచ్చివాసన. డబ్బా మాత్రం చెక్కుచెదరలేదు. కానీ నాబు చుట్టూ ఆయన నున్నగా దిద్దిన మందు మీద గీతలున్నాయి. లోతుగా, ఒకదాని మీద ఒకటి. ఆఖరి గీతలో సగం గోరు ఇరుక్కుని ఉంది.

వెనక్కి జారుతున్నంతసేపూ మొగులప్ప దాన్ని గీరుతూనే ఉన్నాడు.

బాలస్వామికి ఏడుపు రాలేదు. దొరికిపోతానన్న భయం వేసింది, అంతే. షాపుకు తెచ్చి, మందంతా బ్లేడుతో చెక్కి, గోరుతో సహా మోరీ కాలవలో పారేశాడు. ఇన్‌స్పెక్టర్ అడిగితే, "డ్రైవరుకు ట్రైలరు బ్రేకు వాడరాలే సార్," అన్నాడు. మొగులప్ప తమ్ముడు మల్లప్ప వచ్చి కాళ్ళ మీద పడ్డంత పని చేసి, అన్న చెప్పిన మందు సంగతి నిజమేనా అని అడిగినా అదే మాట చెప్పి పంపించాడు. చచ్చినవాడు లేచొచ్చి ఎదురు చెప్పడు కదా.

నెల తిరక్కుండానే తాండూరు వెళ్ళి ఆ డబ్బాను సేటు రెండో పికప్‌కు బిగించాడు. ట్రైలరు ఇంకా రాలేదు. మిగిలిన వైరింగ్ షాపులో చేద్దామని పికప్‌ను వికారాబాద్ తెస్తున్నాడు. తాండూరులో తన చెల్లెలి ఇంటికి వచ్చిన భార్య రెబెక్క కూడా ఎక్కింది. మధ్యాహ్నం మూడైనా మబ్బు పట్టి చీకటిగా ఉంది. సన్నగా ముసురు.

ధారూర్ దాటాక రెబెక్క అడిగింది. "ఆ డబ్బకు మందు మెత్తింది నువ్వే గదా?"

"ఎవరు చెప్పిన్రు?"

"నీ గోళ్ళల్ల తెల్లగ ఉండె గా దినం. నేనే చూసిన. ఆ మల్లప్ప ఇంటికొచ్చి ఏడుస్తుంటె నాకు అన్నం తినబుద్ది అయితలేదు. పోయి నిజం చెప్పరాదయ్యా!"

"నేను మెత్తలే."

అన్నాడో లేదో, డబ్బా మీద పచ్చలైటు వెలిగింది.

బాలస్వామి బండి పక్కకు ఆపి దిగి చూశాడు. వెనక ఏమీ లేదు. తడిరోడ్డు, ఖాళీ కొక్కెం. వైరు గుచ్చేచోట వేలు పెట్టి తుడిచాడు. నీళ్ళు పోయి ఉంటాయి అనుకున్నాడు. అనుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా.

ఘాటు మొదలైంది. చెట్ల మధ్య నుంచి పొగమంచు రోడ్డు మీదికి దిగుతోంది. ఖాళీ పికప్ మూలగడం మొదలుపెట్టింది. రెండో గేరు. మొదటి గేరు. వెనక ఏదో బరువుగా వేలాడుతున్నట్టు ముందుభాగం పైకి లేస్తోంది. ఆకుల తడివాసనలోకి డీజిల్ వాసన వచ్చింది. దాని కింద... ఆ పచ్చివాసన.

"ఏందయ్యా, గిట్ల గుంజుతున్నది?" రెబెక్క గొంతు తగ్గించి అడిగింది.

మలుపులో ఇంజను ఆగిపోయింది.

బ్రేకు తొక్కాడు. బండి నిలవలేదు. హ్యాండ్ బ్రేకు లాగాడు. అయినా అంగుళం అంగుళం వెనక్కి... ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు. వేలు తనంతట తానే మీట మీదికి పోయింది. నెట్టాడు. డబ్బా అద్దంలో అంకె వెలిగింది. మూడు.

బండి ఆగింది. వణుకుతూ ఆగింది.

"రెబెక్కా," గుసగుసగా అన్నాడు. "మెల్లగ దిగు. రాయి చూసి చక్రం ఎనక పెట్టు. జల్ది."

ఆమె దిగి వెనక్కి వెళ్ళింది. పక్క అద్దంలో ఒక్క క్షణం ఆమె చీర అంచు కనిపించింది. తర్వాత పొగమంచే. బొటనవేలు తిమ్మిరెక్కుతోంది. ముసురు చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంజను చల్లబడుతూ టిక్కుటిక్కుమంటోంది...

పక్కరేకు మీద చరుపు. ఇంకొకటి.

రెండు.

అమ్మయ్య అనుకుని బాలస్వామి వేలు తీశాడు.

బండి వెనక్కి కదిలింది.

"ఆగు! ఆగయ్యా! నేనింక పెట్టనే లేదు..." రెబెక్క గొంతు. చక్రం దగ్గర నుంచి.

మీట నెట్టాడు. మూడు. నాబు పట్టుకుని పదికి తిప్పబోయాడు. తిరగలేదు. వేళ్ళ కింద చల్లగా, నున్నగా తగిలింది... తను చెక్కి పారేసిన మందు. తను దిద్దినట్టే ఉంది. గీరాడు. గోళ్ళన్నీ పెట్టి గీరాడు. వెనక చక్రం దేని మీదికో ఎక్కింది. మెల్లగా. దిగింది.

బండి దానంతటదే ఆగింది. ఖాళీ బండి ఎంత తేలికగా ఉంటుందో అంత తేలికగా. పచ్చలైటు ఆరిపోయింది.

అటు వచ్చిన బైకుల వాళ్ళు రెబెక్కను బయటికి లాగారు. నడుము కింద ఏమీ సరిగా లేదు. ఊపిరి మాత్రం ఉంది. అంబులెన్సు వచ్చేదాకా బాలస్వామి డబ్బా ముందే కూర్చుని ఉన్నాడు. నాబు శుభ్రంగా ఉంది, మందు జాడే లేదు. వేలితో తాకితే తిరుగుతోంది కూడా. ఆయన కుడి బొటనవేలికి మాత్రం సగం గోరు లేదు. ఎంత వెతికినా కనిపించలేదు.

అంబులెన్సులో ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. రెబెక్క కళ్ళు తెరిచింది.

"ఇప్పుడన్న చెప్పు," అంది. మాట ఊపిరితో పాటు తెగిపోతోంది. "మందు... నువ్వే గదా..."

అక్కడ డ్రైవరున్నాడు. నర్సు ఉంది. వినే చెవులున్నాయి. బాలస్వామి తల వంచుకున్నాడు.

"నేను కాదు," అన్నాడు.

రెబెక్క కళ్ళు మూసుకుంది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

పై మలుపులో ఎదురుగా బస్సు అడ్డం వచ్చి అంబులెన్సు ఆగింది. నిలువు ఎక్కుడు. పక్కనే లోయ. డ్రైవరు హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి పట్టుకున్నాడు. బండి కొద్దిగా వెనక్కి ఒరిగింది... ఏదో బరువు తగిలించినట్టు.

బయట రేకు మీద చరుపు. ఇంకొకటి.

బాలస్వామి నోరు తెరిచాడు.

"ఎవరో పాపం రాయి పెట్టినట్టున్నరు," అని డ్రైవరు హ్యాండ్ బ్రేకు మీంచి చెయ్యి తీశాడు.